గోవిందప్ప చీరకు గాటు

చీర మడతలు విప్పుతున్న షావుకారు రామాంజినేయులు బొటనవేలు ఒకచోట ఆగిపోయింది. ధర్మవరంలో ఆయన పట్టు అంగడికి నలభై మగ్గాల చీరలు వస్తాయి. వేలు ఎక్కడా ఆగకుండా సాగిపోయేది మాత్రం ఒక్క గోవిందప్ప చీర మీదే.

"ఇదేంది గోవిందప్పా? పోగు తెగితే ముడెయ్యకుండా జానెడు నేసినావే."

గోవిందప్ప వంగి చూశాడు. నెమలికంఠం రంగు పట్టు మీద వెంట్రుకంత గీత. "అవును షావుకారా" అన్నాడు.

తప్పున్న చీర అంచుకు కత్తెరతో చిన్న గాటు పెట్టడం ఆ అంగడి కట్టుబాటు. గాటు పడితే ఇంకెవరూ కొనరు. చీర నేసినవాడికే మిగులుతుంది, పట్టు ఖరీదు కింద రెండు చీరల కూలి పోతుంది. ఆ గాటును ఇంగ్లీషులో నిక్ అంటారని షావుకారు మద్రాసులో విని వచ్చాడు. "మీ చీరలకుండేది నిక్, గోవిందప్పకుండేది నిక్కు" అని నేతగాళ్ళను ఆటపట్టించేవాడు. గోవిందప్ప మీసం దువ్వుకునేవాడు. ఇరవై రెండేండ్లుగా, ఈ 1958 ఎండాకాలం దాకా, ఆయన చీరను కత్తెర తాకలేదు. ఆయనకున్న ఆస్తి ఆ పేరే.

షావుకారు బల్ల మీది ఎర్ర శాలువా చూపించాడు. "నలుగురిలో నీకు కప్పుదామని తెప్పిచ్చినా. కుచ్చిళ్ళలోకి పోయే చోటే గదా, కడితే ఎవురికీ కనపడదు. నేను చూడలేదనుకో, మడిచెయ్."

"వద్దు షావుకారా. అందరికీ ఒక కత్తెర, నాకొకటా? గాటు పెట్టు."

అంచు మీద కత్తెర పడింది. శాలువా బీరువాలోకి పోయింది.

గోవిందప్ప చీర చంకన పెట్టుకుని తలెత్తే నడిచాడు. మగ్గాల వీధికి కబురు ఆయనకంటే ముందే చేరింది. "కండ్లు మందగించినట్లుండాయి పాపం" అనుకున్నారు.

ఇంట్లో భార్య కుళ్ళాయమ్మ గాటు చూసి కూలబడింది. "నేను చుట్టిన పోగే తెగింటాది. నావల్ల నీ పేరు పాయె."

"నీ పోగు తెగల్యా. తప్పు నా చేతిదే."

"శాలువా గూడా పాయె గదా."

"మనూర్లో చలి యాడుండాది?"

ఆ పట్టు కండెకు చుట్టేటప్పుడే ఆమె "ఈ రంగు ఏ మారాణికి రాసుండాదో" అని నవ్వింది. ఆమె చుట్టిన పట్టు ఊళ్ళన్నీ తిరిగింది గానీ ఆమె కట్టింది ఎప్పుడూ నూలు చీరే. పెనుకొండలో చెల్లెలి కూతురి పెండ్లికి రానని నెల్లాళ్ళుగా మొండికేస్తోంది కూడా అందుకే.

"అంగట్లో పనికిరాని చీర. పారేస్తామా? కట్టుకో" అన్నాడు గోవిందప్ప.

పెండ్లినాడు పెనుకొండలో బస్సు దిగి కుళ్ళాయమ్మ పందిట్లోకి నడిచి వస్తుంటే ఆడవాళ్ళు ఆగి చూశారు.

"యాడ కొన్నావక్కా ఈ చీర?"

ఆమె గాటున్న అంచును దాచుకోలేదు. "మా ఇంటాయన నేసినాడు" అంది, పందిట్లో అందరికీ వినబడేట్టు.

వెనకాల వస్తున్న గోవిందప్ప మీసం దువ్వుకున్నాడు. ఇరవై రెండేండ్లలో ఆయనకు ఇంత గర్వం ఎన్నడూ కలగలేదు.

ఆ పోగు తెంచింది ఆయనే.