సమాధి మీది పాప

"ఆ రాయి మన గడప దాటిందంటే నేను పిల్లనెత్తుకుని వెళ్ళిపోతానండీ," అంది మధులిక.

ఎత్తబోయిన నంబరు కార్డును శ్రీహర్ష మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. నేస్ అనే ఆ పరాయిదేశపు ఊళ్ళో, వేలం హాల్లో బల్ల మీద ఒక పసిపిల్ల పాలరాతి తల ఉంది. రోమన్లది, రెండువేల ఏళ్ళ నాటిది. ముక్కు కొన విరిగింది.

"భిన్నమైందనా?"

"సమాధి మీదిదన్నారుగా! ఛీ, శ్మశానం వస్తువు. ఇంటికెళ్ళగానే తలస్నానం చెయ్యాలి."

"పది నెలల పాపట. అమ్మానాన్నలే చెక్కించుకున్నారని కేటలాగులో రాశారు."

మధులిక చంకలోని సహస్రకూ పది నెలలే. బుగ్గలెంత బొద్దుగా ఉండేవో ఆ రాతిపాప తల్లి శిల్పి పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్పుకుని ఉంటుంది.

ఇంతలో సుత్తి పడింది. ముందు వరసలో ఒకాయన దాన్ని పాటలో దక్కించుకున్నాడు.

"బాత్రూమ్‌లో గ్రాండ్‌గా ఉంటుంది. తువ్వాలు తగిలించుకోవచ్చు," అన్నాడు భార్యతో.

"చెవికా?" అందావిడ. ఇద్దరూ పగలబడి నవ్వారు.

మధులికకు అసహ్యం వేసింది. వాళ్ళను చూసి కొంత, ఇందాకటి తన మాటల్ని తలుచుకుని ఇంకొంత.

లేచి బల్ల దగ్గరకెళ్ళింది. సహస్ర బుగ్గనున్న దిష్టిచుక్కను వేలికి అద్దుకుని, ఆ చల్లటి రాతిబుగ్గ మీద పెట్టింది.

"ముట్టుకోకూడదు, ప్లీజ్!" అంటూ హాలు మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"పిచ్చా నీకు? ఏంటా పని?" అన్నాడు శ్రీహర్ష.

"పొద్దుట్నుంచీ ఎన్ని పాడు కళ్ళు పడ్డాయో," అంది మధులిక. "దిష్టి తీయడానికి వాళ్ళమ్మ లేదుగా."