రెండోసారి వచ్చిన కార్డు

కవరు చింపి చూసిన వెర్నన్ ట్రాస్క్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

లోపల ప్లాస్టిక్ తొడుగులో ఆటగాడి బొమ్మతో ఒక బేస్‌బాల్ కార్డు ఉంది. దాని మీద పళ్ళికిలిస్తున్నవాడు ఎవరికీ అక్కర్లేని ఆటగాడు. అలాంటివి వెర్నన్ ఇంట్లో బూట్ల డబ్బాల నిండా మూలుగుతున్నాయి.

అతను అడిగింది బక్ లానహన్ అనే ఆటగాడి కార్డు. 1953లో వచ్చిన కార్డుల సెట్టులో వెర్నన్‌కి తక్కువైంది అదొక్కటే. దాని కోసం అతను ఉత్తరం రాయని ఊరు లేదు.

"చూశావా జోన్, నాకే టోపీ పెట్టాడు!"

"ఎవరు?" అంది భార్య వంటింట్లోంచి.

"ఆ కాన్సస్ వాడు, ఆర్లిస్ పెన్‌రాడ్. పేరుకి ఏళ్ళ తరబడి మా కార్డుల క్లబ్బులో ఉన్నా, వాడితో కార్డులు మార్చుకున్నవాడు ఒక్కడూ లేడు. నాకప్పుడే అనుమానం వచ్చింది."

"నీ కార్డు వాడికి పంపేశావా ఏమిటి?"

"నేనేమన్నా వెర్రివాణ్ణా? మార్పిడికి కొత్తవాడు ముందు పంపాలి. అది అందాకే పాతవాడు పంపాలి. క్లబ్బులో పద్ధతే అది."

"మరి నీదేం పోయిందని ఈ అరుపులు?"

నిజమే, పోయిందేమీ లేదు. అయినా వెర్నన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ కార్డును తొడుగుతో సహా బూట్ల డబ్బాలోకి విసిరేసి ఫోన్ అందుకున్నాడు.

"కార్డు అందిందా సార్?" అంది అవతల ఒక ముసలి గొంతు, ఎంతో ఆశగా.

"నేనడిగింది అందులో లేదు."



"సరిగ్గా చూశారా సార్?"

"జుట్టు నెరిసేదాకా కార్డులతోనే బతికాను. నాకు చూడటం నువ్వు నేర్పుతావా?"

"అయ్యో, నా ఉద్దేశం అది కాదు. మీరు చూశానంటే చూసినట్టే. దారిలో ఎవరో తీసేసుంటారు. మీకు కష్టం కలిగించాను, ఏమీ..."

"ఆ ఏడుపులు నా దగ్గర కాదు, దొంగ వెధవా!"

వెర్నన్ ఫోన్ ఠక్కున పెట్టేశాడు. అంతటితో ఊరుకున్నాడా? క్లబ్బు కార్యదర్శి లొరెయిన్‌కి ఫోన్ చేసి, వచ్చే నెల పత్రికలో పెన్‌రాడ్ పేరు 'జాగ్రత్త' శీర్షిక కింద వేసి తీరాలని పట్టుబట్టాడు.

"ఒకసారి ఆలోచించు వెర్నన్. ఆయన అలాంటి మనిషి కాదు."

"చుట్టమా నీకు?"

"కాదు."

"అయితే వెనకేసుకు రాకు. వెయ్యి."

వేశారు. ఆ శీర్షిక కిందకి ఎక్కిన మనిషికి ఇక క్లబ్బులో ఎవరూ కార్డు పంపరు, ఉత్తరానికి జవాబు కూడా రాయరు.

కొన్నాళ్ళకి వెర్నన్‌కి లొరెయిన్ నుంచి ఒక కవరు వచ్చింది. అందులో మెరిసిపోతున్న లానహన్ కార్డు! సభ్యులెవరికైనా రావలసిన కార్డు రాకపోతే క్లబ్బు తన పెట్టెలోంచి ఇలా బదులు పంపడం మామూలే. వెర్నన్ సెట్టు నిండింది.

"చూశావా, క్లబ్బంటే ఇదీ!" అని జోన్ ముందు మీసం మెలేశాడు.

మంచు కరిగాక చర్చిలో పాత సామాన్లు అమ్ముతున్నారంటే, పనికిరాని కార్డులు ఇచ్చేద్దామని వెర్నన్ డబ్బాలు దించాడు. కార్డులు పోయినా తొడుగులు మిగుల్చుకోవడం ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఉన్న కక్కుర్తే. ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు.

ఒక తొడుగులోంచి రెండు కార్డులు జారాయి.

ముందుది ఆ పళ్ళికిలించేవాడిది. దాని వీపుకి అతుక్కుని ఉన్నది బక్ లానహన్.

పోస్టులో దొంగల కన్ను పడకుండా మంచి కార్డు ముందు చెత్త కార్డు పెట్టి పంపడం పాతవాళ్ళ జాగ్రత్త. తనూ ఎప్పుడూ అలాగే పంపుతాడు. కానీ కొత్తవాడు మోసగాడే అయి ఉంటాడని కవరు చింపకముందే తేల్చుకున్నాడు. అందుకే తిప్పి చూడలేదు. ముసలాయన్ని తను అన్న మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

"ఏమైంది?" అంది జోన్.

అతను కార్డు చూపించాడు. ఆమె దాన్ని తిప్పి చూసి, అతని చేతిలోనే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

ఆ రోజే లానహన్ కార్డుకి పెన్‌రాడ్ కోరిన కార్డు కూడా జతచేసి, క్షమించమని రాసి పంపాడు.

వారం తిరక్కుండానే కవరు వెనక్కి వచ్చింది. చిరునామాదారు మరణించినట్టు దాని మీద పోస్టాఫీసు ముద్ర ఉంది.

లొరెయిన్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"'జాగ్రత్త' కింద ఈసారి నా పేరు వెయ్యి."

"వేస్తాను" అంది ఆమె పొడిగా.

"ఎప్పుడు పోయాడు?"

"చలికాలంలో."

"నన్నేమన్నా తిట్టుకున్నాడా?"

"లేదు. వెనక చూశావా అని నేను నీకు ఫోన్ చేస్తానంటే వద్దన్నాడు. 'అంత అనుభవం ఉన్న మనిషి వెనక చూడకుండా ఉంటాడా, పోస్టులోనే పోయుంటుంది' అన్నాడు. తనకంటూ ఆయన ఎవర్నైనా కార్డు అడిగింది నిన్నొక్కణ్ణే వెర్నన్."



"క్లబ్బు నాకిచ్చిన కార్డు తిరిగి పంపేస్తాను. మళ్ళీ క్లబ్బు పెట్టెలో పెట్టెయ్యి."

"పెట్టె ఎక్కడిది?" అంది లొరెయిన్. "ఇన్నేళ్ళూ మనలో ఎవరి కార్డు పోయినా, తన పేరు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుని, సొంత కార్డు తీసి పంపింది ఆయనే. నీకు రెండోసారి వచ్చిన లానహన్‌తో సహా."