ముందు మీ మాటే కానివ్వండి

ఒక్క మార్కు కలిస్తే గ్లోరి పాసు. పాసయితే సోమవారం నుంచి విజయవాడలో ఉద్యోగం. లేకపోతే లేదు.

ఆ మార్కును బోర్డు వారి జవాబుల కీ మింగేసింది. ఆ కీ మీద తిరువూరు కంప్యూటర్ కాలేజీ స్టాఫ్ రూములో కీచులాట మొదలైంది.

సాయంత్రం ఐదింటిలోపు బోర్డు మనిషి వస్తాడు. లెక్చరర్లు అభ్యంతరం రాసి ఆయన చేతికివ్వాలి.

కాగితం తెల్లగానే ఉంది. ఎర్రబడింది మొహాలే.

ఒక ప్రోగ్రాం తనంతట తానే తప్పుకుని ఇంకోదానికి వంతు ఇస్తే, అది మల్టీటాస్కింగేనా? ఇదీ ప్రశ్న. గ్లోరి అవునంది. కీ కాదంది.

"అవును, అదీ నిజమైన మల్టీటాస్కింగేనని రాసిద్దాం," అన్నాడు లెక్చరరు ప్రేమ్ కిరణ్.

"రాద్దాం. కానీ 'నిజమైన' అనే మాట తగిలించకు. సిస్టమే వంతు లాక్కుని పంచాలి, అదీ నిజమైంది," అన్నాడు హర్షవర్ధన్.

"లాక్కునేదానికి బిరుదు, ఇచ్చేది దొంగదా?"

"వంతు ఇచ్చే పద్ధతికి సహకారం అని ముద్దుపేరు పెట్టి పాత సరుకు అమ్మకు."

"నీకు సహకారం ఎందుకు పడుతుందిలే. నీది అహంకారం."

వ్యవహారం హాహాకారం దాకా వచ్చేసరికి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

"గ్లోరి అనే అమ్మాయి..."

"బయట బెంచీ మీద ఉంది. వాళ్ల నాన్నగారా? కూర్చోండి బాబాయిగారూ. బోర్డు ఆయన కారు రానివ్వండి, తర్వాత మాట్లాడదాం," అన్నాడు ప్రేమ్ కిరణ్.

"అది కాదు బాబూ, నేను..."

"ముందు మా మాట తేలాలండి."

"సరే, ముందు మీ మాటే కానివ్వండి."

ఆయన బెంచీ దగ్గరికి వస్తే గ్లోరి జరిగి చోటిచ్చింది. సార్ల చుట్టమేమో అనుకుంది.

"ఆ ప్రశ్నకు ఏం రాశావమ్మా?"

"లాక్కున్నా, ఇచ్చినా పనులు జరుగుతాయి కదండీ. కాకపోతే ఇచ్చేచోట ఒక్కడు మొండికేస్తే అందరూ ఆగిపోతారు. అదే రాశాను."

ఆయన చాలాసేపు తలూపాడు. లేచి మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క ముక్క రాసిస్తే చాలు బాబూ."

"ఏ ముక్కో తేలాలి కదండీ," అన్నారిద్దరూ. ఆ పూట వాళ్లు ఏకీభవించింది అక్కడొక్కచోటే.

"సార్, టైమవుతోంది," అంది గ్లోరి.

"నీకోసమే కదమ్మా కొట్టుకుంటోంది."

ఐదయింది. పెద్దాయన గ్లోరి తలమీద చెయ్యి వేశాడు. లోపలి కేకలు ఇంకా ఆగలేదు. బస్టాండు వైపు నడిచాడు.

కాసేపటికి హర్షవర్ధన్ ఫోను మోగింది. స్పీకరు నొక్కాడు.

"బోర్డు ఆఫీసండి. మీ అభ్యంతరం అందలేదు, గడువు అయిపోయింది."

"మీ మనిషే రాలేదు కదండీ."

"వెంకటప్పయ్యగారు మధ్యాహ్నమే వచ్చారు కదా సార్. ఉత్తచేతులతో బస్సెక్కానని ఇప్పుడే చెప్పి బాధపడ్డారు."

గ్లోరి గుమ్మంలోకి వచ్చింది.

"ఆ ప్రశ్నా, ఆ కీ రెండూ ఆయనవేనండి. తప్పు తనదేనని, మీరొక్క ముక్క రాసిస్తే ఆ అమ్మాయి మార్కు అక్కడికక్కడే వేసేస్తానని పట్టుబట్టి మరీ వచ్చారు."