చెంచా ఎత్తని లీడర్

“మళ్ళీ వెయ్యి,” అన్నాడు గు.

మేనేజర్ ప్యో ఫోనులో వీడియో మొదటికి తిప్పింది. మాంగ్‌వన్ వీధిలోని సూప్ హోటల్లో ‘గ్లాస్‌టైడ్’ పాటల గ్రూపు కుర్రాళ్ళు నలుగురూ భోంచేస్తుంటే ఎవరో అభిమాని అద్దం బయటి నుంచి తీసింది. ఇద్దరు అప్పటికే తింటున్నారు. అందరిలోకీ చిన్నవాడని పేరున్న బోమ్ ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. లీడర్ దోహా మాత్రం చెంచా ముట్టకుండా బోమ్‌కేసే చూస్తున్నాడు. బోమ్ ఉలిక్కిపడి గబగబా ఒక ముద్ద మింగాకే అతను చెంచా ఎత్తాడు. తర్వాత బీరు గ్లాసు తీసుకుని, బోమ్‌కి మొహం కనిపించకుండా గోడవైపు తిరిగి తాగాడు.

వీడియో కింద జనం రాసినవి బారులు తీరాయి. ‘చూపుతోనే చంపేస్తున్నాడు.’ ‘పాపం, ఆ పిల్లాడు భయంతో మింగుతున్నాడు.’ ‘మొహం చూడ్డానికి కూడా అంత అసహ్యమా?’

“టీవీ వాళ్ళు ఫోన్ చేశారు,” అన్నాడు గు. ఆ చిన్న కంపెనీకి అతనే యజమాని. “సాయంత్రంలోగా ఇది చల్లారకపోతే శుక్రవారం మనల్ని స్టేజీ ఎక్కనివ్వరట. మన పాట మొదటి స్థానానికి పోటీలో ఉన్న వారం! ఈ పాట పోతే కంపెనీ ఉండదు, గ్రూపూ ఉండదు. ఎన్నిసార్లు చెప్పాను దోహా, ఆ అలవాట్లు బయట చూపించొద్దని?”

దోహా నేలచూపులు చూశాడు. “నాకు తెలీకుండానే అయిపోతుంది సార్.”

“ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు తెలీలేదా?”

“అసలు చిన్నపిల్లాడి మీద ఏం పగరా నీకు?” అంది ప్యో ఉండబట్టలేక.

గు ఆమెకేసి ఒకసారి చూసి మాట మార్చాడు. “మధ్యాహ్నం లైవ్ పెడదాం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సూప్ తాగాలి. చెంచా ముందు నువ్వే ఎత్తాలి దోహా. ఒరేయ్ అనాలి. తలమీద ఒక్కటి మొట్టాలి, ముద్దుగా.”

“తలమీదా?”

“తలమీదే. లేదంటే ఇవాళే సామాను సర్దుకోండి.”

“పర్వాలేదు దోహా అన్నా, మొట్టు,” అన్నాడు బోమ్. బస్సులో కాస్త జరగమన్నట్టుగా అన్నాడు.

బోమ్‌కి మేకప్ వేయిస్తూ ప్యో గొంతు తగ్గించింది. “నాతో చెప్పు కన్నా. కొడతాడా?”

“లేదక్కా.”

“తిడతాడా?”

“లేదు.”

“మరి నీకేం అనిపించట్లేదా?”

“బుగ్గలకి ఇంకాస్త ఎరుపు కావాలక్కా,” అన్నాడు బోమ్ అద్దంలో చూసుకుంటూ.

నిజంగానే బోమ్‌కి ఈ మధ్య ఏమీ అనిపించడం లేదు. సూపర్ మార్కెట్ ప్రారంభోత్సవాల్లో ఖాళీ కుర్చీలకి పాడిన రోజుల్లో సిగ్గేసేది. మిలిటరీ క్యాంపులో సైనికులు ‘ఆడపిల్లల్ని పంపండి’ అని అరిచినప్పుడు ఏడుపొచ్చేది. తర్వాత ఎవరో అతని బుంగమూతిని తీసి నెట్‌లో పెట్టారు. గ్రూపుకి పేరు తెచ్చింది పాట కాదు, ఆ బుంగమూతి. ‘ప్రతి గ్రూపుకీ ముద్దొచ్చే చిన్నవాడు ఒకడుండాలి’ అని అతని మొహం చూసి ఆ స్థానంలో కూర్చోబెట్టింది గు. అందరి ఇంటిపేర్లూ తీసేసి కొత్త పేర్లు పెట్టిందీ అతనే. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో అమ్మాయిలు గొంతు చించుకుంటుంటే, ఎక్కడో పక్కింట్లో టీవీ మోగుతున్నట్టుంటుంది బోమ్‌కి.

లైవ్ మొదలైంది. రెండు గిన్నెల్లో కిమ్చీ సూప్ పొగలు కక్కుతోంది.

దోహా చెంచా పట్టుకున్నాడు. పట్టుకుని ఆగిపోయాడు. అతని కళ్ళు బోమ్ చేతి మీదికి పోయాయి.

‘మళ్ళీ అదే చూపు!’ అని తెరమీద మెసేజీలు పరుగెత్తాయి. కెమెరా వెనక గు చేతులు ఊపుతున్నాడు. బోమ్ బల్ల కింద దోహా కాలు గట్టిగా తొక్కాడు.

దోహా కళ్ళు మూసుకుని నిండు చెంచాడు వేడి సూప్ నోట్లో పోసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఒరేయ్ బోమ్! తినరా! నీకు శుభలేఖ పంపాలా?” అని తలమీద మొట్టాడు.

బోమ్ బుంగమూతి పెట్టాడు. “చూశారా అక్కలూ, లీడర్ దౌర్జన్యం! నోరు కాల్చుకుంది ఆయన, మొట్టికాయ నాకు!” వెంటనే దోహా భుజం మీద తల వాల్చాడు. “ఊరికే అన్నాలెండి. నన్ను సొంత తమ్ముడిలా చూసుకుంటాడు.”

తెరమీద హృదయాలు వానలా కురిశాయి. ‘లీడర్ ఏడుస్తున్నాడు! ఎంత ప్రేమో!’ ‘అనవసరంగా అనుమానించాం!’

లైవ్ ముగిసిన కాసేపటికే టీవీ వాళ్ళ ఫోనొచ్చింది. గు గంతేశాడు. “శుక్రవారం మనదే! దోహా, ఏడుపు ఇంత బాగా వస్తుందని తెలిస్తే నిన్ను సీరియల్లో పెట్టేవాణ్ణి కదరా!” అంటూ ప్యోని వెంటబెట్టుకుని కేకు కొనడానికి పోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. బోమ్ దూదితో బుగ్గల మీది ఎరుపు తుడుచుకుంటున్నాడు.

దోహా తలుపు దగ్గరికి వేశాడు. వచ్చి బోమ్ ముందు రెండు మోకాళ్ళ మీదా కూలబడ్డాడు. మొట్టిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

“లే. అరువు తెచ్చిన ప్యాంటు అది, మాసిపోతుంది,” అన్నాడు బోమ్.

దోహా లేవలేదు. తలెత్తకుండానే అడిగాడు.

“పెద్దవాళ్ళకంటే ముందు చెంచా ఎత్తొద్దనీ, వాళ్ళెదుట తాగితే మొహం తిప్పుకోవాలనీ నేర్పింది అమ్మే కదా. అమ్మ చూసి ఉంటుందా, అన్నయ్యా?”