మామిడి గుంత

పెరట్లో గడ్డపార రాతికి తగిలి ఖంగుమంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన త్రిమూర్తులు సైకిలు గోడకు ఆనించి అటు నడిచాడు.

“ఇంత లోతు గుంత దేనికి సాయన్నా?”

“మామిడికి సారూ. గీ ఎండలకు గుంత కాలితే పురుగంత సస్తది. వానలు పడంగనే మొక్క పెట్టొచ్చు. అమ్మ జెప్పింది.”

త్రిమూర్తులు గుంత అంచున ఆగాడు. నాచారం క్వార్టర్లకు వచ్చి నాలుగేళ్లు. భార్య సత్యవేణి బీర, సొర తప్ప ఏదీ నాటలేదు. ఈ బండరాళ్ల మధ్య ఊపిరాడటం లేదని, బెజవాడ బదిలీ రాగానే అన్నీ వదిలి పోవడమేనని అనేది. ఆ బదిలీ ఇక రాదని ఆఫీసులో తేల్చేసి మూడు నెలలైంది. ఇంట్లో చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

వాళ్లు రాకముందు నుంచే పెరట్లో ఉన్న మల్లెపొదకు పూత అయిపోతే, సత్యవేణి దాన్ని కత్తిరిస్తోంది. తలెత్తలేదు.

“మామిడి కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది,” అన్నాడు.

“తెలుసండీ.”

“అప్పటికి మనం...”

“చెప్పండి. అప్పటికి ఎక్కడుంటాం?”

కత్తెర ఆగింది. త్రిమూర్తులు గుంత వంక, వంటింటి కిటికీ వంక మార్చి మార్చి చూశాడు.

“సాయన్నా, ఇది పూడ్చెయ్,” అన్నాడు చివరికి. “అటు గోడవైపు తవ్వు. ఇక్కడైతే చెట్టు పెద్దయ్యాక వంటింటికి చీకటి.”

సాయన్న నుదుటి చెమట తుడుచుకున్నాడు. “పొద్దుగాల్నుంచి రాళ్లతోని కొట్లాడుతున్న. జర ముందుగాల జెప్పొద్దా సారూ?”

“అవును,” అంది సత్యవేణి, మళ్లీ పొదవైపు వంగుతూ. “మూడు నెలల ముందే చెప్పి ఉండాల్సింది.”