యాభై ఏళ్ళ మేటి జట్టు

"మోషే గారికి డెబ్భై ఒకటండి," అన్నాడు ఫిలిప్.

"వయసుతో పనేముంది ఫిలిప్పూ? మనం ఎంచుతున్నది ఆల్ టైమ్ జట్టు," అంటూ తాతాజీ కాగితం మీద మోషే పేరు రాసేశాడు. వికెట్ కీపర్.

రాజోలులో వాళ్ళ క్రికెట్ క్లబ్‌కి యాభై ఏళ్ళు నిండాయి. ఈ యాభై ఏళ్ళలో ఆడినవాళ్ళందరిలోంచి మేటి పదకొండు మందిని ఎంచి, గ్రౌండు పక్కన పాలరాతి మీద పేర్లు చెక్కించాలని ప్రెసిడెంటు బంగారయ్య కోరిక. ఎంపికకి ఇద్దర్ని పిలిచాడు. పాత తరం తరఫున రిటైరైన హిందీ మేస్టారు తాతాజీ. కొత్త తరం తరఫున ఇప్పటి కెప్టెన్ ఫిలిప్.

ఫిలిప్‌కి ఆ రాతి మీద తన పేరు కావాలి. నోరు తెరిచి అడక్కుండా రావాలి. అదీ చిక్కు. వాళ్ళమ్మ జ్ఞానమ్మ అప్పుడే చర్చిలో సగం మందికి చెప్పేసింది కూడా.

బంగారయ్య కొబ్బరి కొట్టులో కూర్చున్నారు ముగ్గురూ. అవతల కాయలు ఒలుస్తున్న చప్పుడు.

మొదట్లోనే తాతాజీ ఒక షరతు పెట్టాడు. "బతికున్నవాళ్ళనే తీసుకుందామండి. వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పాలి కదా."

"ఆయ్," అన్నాడు బంగారయ్య.

అక్కణ్ణించి మొదలైంది గొడవ. గావస్కర్ గొప్పా, కోహ్లీ గొప్పా అని టీ కొట్టు దగ్గర ఏళ్ళ తరబడి తేలని తగువు ఇక్కడ పాత బ్యాటర్ల మీదా, ఇప్పటి జట్టులో బన్నీ మీదా పడింది.

"బన్నీ స్ట్రైక్ రేటు నూట అరవైయండి," ఫిలిప్ ఫోన్ చూపించాడు.

"ఎక్కడ కొట్టేడు? సిమెంటు పిచ్ మీద, హెల్మెట్ పెట్టుకుని. మా రోజుల్లో కోసిన వరిచేలో ఆడేవాళ్ళం. బంతి ఎటు లేస్తాదో దేవుడిక్కూడా తెలీదు. అక్కడ కొట్టిన ముప్పై, ఇప్పటి మూడొందలు."

"మీ రోజుల్లో బంతి కాలవలో పడితే ఫీల్డరు ఈదుకెళ్ళి తెచ్చేవాడంట కదండీ. వాడొచ్చేదాకా పరుగెడుతూనే ఉండేవారంట."

"మరి ఆ పరుగెత్తే ఓపిక మీవాళ్ళకుందా?"

బంగారయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

దేవసహాయం పేరు దగ్గర ఫిలిప్ గట్టిగానే నిలబడ్డాడు. "ఆయన గుండెకి స్టెంట్ వేయించుకున్నారండి. మా మేడ మెట్లెక్కలేక కిందనుంచే పిలుస్తారు."

"ఇప్పటి సంగతి మనకెందుకు నాయనా? ఎనభై మూడులో ఏం చేసేడో చూడు." తాతాజీ పసుపు పచ్చబడిన స్కోరు పుస్తకం తెరిచాడు. నిజమే. పదహారు పరుగులకి ఎనిమిది వికెట్లు. ఓపెనింగ్ బౌలర్‌గా దేవసహాయం ఖాయమైపోయాడు.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. పేరు రాసిన మరుక్షణం తాతాజీ ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పేస్తున్నాడు. చెప్పాక, పెద్దాయన పేరు కొట్టేయడమన్నది ఆ ఊళ్ళో జరిగే పని కాదు.

"మోషే గారూ, ఎంపికయ్యేరండి... ఆయ్... మోకాళ్ళెలా ఉన్నాయండి? రెండూనా? అయ్యయ్యో. పర్లేదండి, ఆదివారం తప్పకుండా రావాలి."

ఎంత మర్యాదస్తుడు అనుకున్నాడు ఫిలిప్, పళ్ళు నూరుకుంటూనే.

పది పేర్లయ్యాయి. పదిమందిలో అందరికన్నా చిన్నవాడికి అరవై ఆరు.

"పదకొండో చోటు కొత్తవాళ్ళకిద్దామండి," అన్నాడు ఫిలిప్.

"కొత్తవాళ్ళంటే ఎవర్రా?"

ఫిలిప్ నేల చూపులు చూశాడు. తాతాజీకి అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిజం చెప్తాను ఫిలిప్పూ. యాభై ఏళ్ళలో నీలా ఆడినోణ్ణి నేను చూడలేదు."

ఫిలిప్ గుండె ఒక్కసారి పైకి లేచింది.

"కానీ నువ్వింకా ఆడుతున్నావు. ఆడుతున్నవాడి లెక్క తేలదు. రేపు వరసగా పది సున్నాలు చుడితే రాయి చెరిపేస్తామా? ఆట మానేశాక చూద్దాం."

పదకొండో పేరు శివప్రసాద్. డెబ్భై నాలుగు. కంట్లో శుక్లాలు.

కోపం పట్టలేక అడిగేశాడు ఫిలిప్. "మరి మీ పేరెందుకు రాసుకోలేదండీ? మీరూ ఆ కాలం వారే కదా."

"నేనా? పదకొండు ఫైనల్స్‌కి కెప్టెన్సీ చేసి పదకొండూ ఓడిపోయినవాణ్ణి. గొప్పోళ్ళ పక్కన నాకెక్కడి చోటు?"

ఆ మాటతో ఫిలిప్ కోపం సగం చల్లారింది. స్వార్థం లేని మనిషితో ఏం దెబ్బలాడతాం? బంగారయ్య టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో తాతాజీ గొంతు వినిపించింది. ఫిలిప్ గదిలోంచి బయటికి రాలేదు. మంచం మీదే పడుకుని విన్నాడు.

"మావాడు రాత్రి అన్నం ముట్టలేదండి మేస్టారూ," అంటోంది జ్ఞానమ్మ. కాఫీ గ్లాసు కాస్త గట్టిగానే పెట్టింది. "చర్చిలో ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోనండి? ముసలాళ్ళందరికీ చోటుంది, వీడికి లేదా?"

"తప్పు నాదేనమ్మా. ఆ జట్టుకి మీవాణ్ణి వదులుకోడానికి నాకు మనసొప్పలేదు."

"అదేం మాటండీ?"

తాతాజీ కాఫీ ఒక గుక్క తాగి, గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పొద్దన్నారు గానీ, ఈ ఆదివారం ఆ పదకొండు మంది మీద జూబిలీ కప్పుకి ఆడే మన కుర్రాళ్ళ జట్టుకి బంగారయ్య గారు పోయిన నెల్లోనే నన్ను కెప్టెన్ని చేసేరమ్మా."