బోర్డు మీద అంకె

"డాలరు డెబ్బై నాలుగట!"

ఆసుపత్రి వరండా తుడుస్తున్న అక్క చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఆ మాట అన్నది మందుల కొట్టు గుమాస్తా. అప్పుడే బజారు నుంచి రొప్పుతూ వచ్చాడు.

"నిన్న నలభై ఏడే కదయ్యా?"

"నిన్నటి సంగతి నిన్నే పోయింది. పొద్దున్నే పెద్దాయన బోర్డు మీద ఆ అంకె పెట్టి, దుకాణానికి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. ఊరికే పెడతాడా?"

పెద్దాయన డబ్బు మార్చే వ్యాపారి. బజారులో అలాంటి దుకాణాలు ఎన్ని ఉన్నా, అందరి చూపూ ముందు ఆయన బోర్డు మీదికే పోతుంది. ఆయన లెక్క తప్పడం ఎవరూ ఎరగరు. రోజూ తెల్లవారుతూనే, ఆయన రాకముందే, ఆ దుకాణం బయటంతా శుభ్రం చేసేది అక్కే. ఆ తరవాతే ఆసుపత్రి పనికి వస్తుంది.

గుమాస్తా కొట్టులో చెల్లెలి సూదిమందు ఉంది. బయటి దేశపు సరుకు. డాలర్లిస్తేనే అమ్ముతారు. ఆరు సూదులు. రేపటి నుంచి మొదలుపెట్టాలి. ఆరూ పడితేనే ఫలితమని, మధ్యలో ఆపితే వేసినవీ వృథాయేనని డాక్టరు ముందే చెప్పాడు. ఏడాదిగా కూడబెట్టిన డబ్బు అక్క కొంగున ఉంది. నిన్నటి ధరకైతే ఆరింటికీ సరిపోయేది. ఇవాళ్టి ధరకి మూడే వస్తాయి.

లోపల మంచం మీద చెల్లెలు తల తిప్పింది.

"ఏంటక్కా ఆ గోల?"

"ఏం లేదు. పడుకో."

"నీకు చదువూ రాదు, అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు. ఆ బొటనవేలికి గుడ్డ ఏంటి?"

"పొద్దున్న పనిలో రేకు గీసుకుంది. నేను బజారుకి వెళ్లొస్తా."

'వెళ్తున్నా' అన్న మాట అక్క నోట రాదు. అమ్మ ఒకసారి అలా అని గుమ్మం దిగింది. మళ్లీ ఎక్కలేదు. అమ్మ మిగిల్చిన రెండు బంగారు గాజులూ ఇద్దరూ చెరొకటి పంచుకున్నారు. చెల్లెలిది పోయినేడే అమ్ముడుపోయింది.

బజారు నిండా జనం. ప్రతి దుకాణం పలక మీదా డెబ్బై నాలుగే. ఒకడైతే దానికి ఇంకో అర కూడా చేర్చాడు. బ్యాంకు ముందు వరస మలుపు తిరిగి చేపల అంగడి దాకా పోయింది. ఆ తోపులాటలో తల దించుకుని అక్క కంసాలి కొట్టులో పడింది. గాజు తీసి ముందు పెట్టింది.

"పాత ధరకే తీసుకుంటాను తల్లీ."

"అదేంటయ్యా? ఇప్పుడే నా ముందున్నావిడకి కొత్త ధరకి అమ్మారుగా!"

"అమ్మేది కొత్త ధర, కొనేది పాత ధర. నన్ను చూస్తే ధర్మసత్రంలా ఉందా?"

"అసలెందుకు పెరిగిందట?"

"ఖజానాలో బంగారం అయిపోయిందట. మిగిలింది ఓడెక్కించేశారట. ఇక మన నోటుకి వెనక దిక్కెవరు? దాంతో పొట్లాలు కట్టుకోవాలి."

"ఎవరు చూశారు?"

"పెద్దాయన చూసే ఉంటాడు. లేకపోతే ఆ అంకె ఎందుకు పెడతాడు?"

ఇంతలో రేడియోలో మంత్రి మాట్లాడాడు. ఖజానా భద్రంగా ఉందనీ ఎవరూ కంగారు పడొద్దనీ చెప్పాడు. దాంతో అప్పటిదాకా ఇంట్లో ఉన్నవాళ్లు కూడా సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

అక్క గాజు ఇచ్చేసింది. బోసి మణికట్టును కొంగుతో కప్పుకుని, పెద్దాయన దుకాణం మెట్టు మీద కూలబడింది. నలభై ఏడుకే ఇస్తానని, ఇవాళ సాయంత్రం రమ్మని మొన్న ఆయనే చెప్పాడు. మాట తప్పే మనిషి కాదు. ఆ ఒక్క ఆశతోనే పొద్దువాలే దాకా కూర్చుంది.

అప్పుడు రేడియో మళ్లీ మోగింది. మధ్యాహ్నం నుంచి జనం ఎగబడి డాలర్లు ఊడ్చుకుపోయారట. ఉన్న కాస్త నిల్వ కాపాడుకోవడానికి ప్రభుత్వమే ధర మార్చిందట. ఇకనుంచి డాలరు డెబ్బై నాలుగు. తక్కువకి అమ్మినవాడికి జైలు. ప్రతి దుకాణం దగ్గరా ఒక అధికారి కాపలా ఉంటాడు.

పెద్దాయన వచ్చేసరికి అధికారి కుర్చీ వేసుకుని ఉన్నాడు. పెద్దాయన చేతిలో ప్రయాణం సంచి. కళ్లు వాచి ఉన్నాయి.

"అయ్యా, మీరు నలభై ఏడుకి ఇస్తానన్నారు..."

ఆయన అధికారి వంక చూశాడు. అధికారి తల అడ్డంగా ఊపాడు.

"ధర ఇక నా చేతిలో లేదమ్మా."

గాజు డబ్బు కూడా కలిపితే ఐదు సూదులకి వచ్చింది. అక్క ఆ డాలర్లు కొంగున ముడి వేసుకుంది.

"ఒక్కటి తక్కువైందయ్యా. మీరు పొద్దున్న ఆ అంకె పెట్టకపోతే..."

"నేనా? నిన్న సాయంత్రం మా చెల్లి పోయిందని కబురొస్తే ఉన్నపళంగా వెళ్లాను. ఇదిగో, ఇప్పుడే దిగాను. పొద్దున్న నేను దుకాణమే తెరవలేదు కదమ్మా!"

ఆయన వీధిలోకి వచ్చి తలెత్తి బోర్డు వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేను నలభై ఏడు ఉంచి వెళ్లాను. ఎవరు మార్చారు దీన్ని?"

"ఎవరూ మార్చలేదయ్యా, దుమ్ము పట్టాయని పొద్దున్న ఆ రెండు అంకెల రేకులూ నేనే తీసి కడిగి, ఆరతాయని మళ్లీ ఆ మేకులకే తగిలించాను."